గుట్ట ఎక్కని విప్లవం

ముందే చెప్పేస్తున్నాను, గెలిచింది మేమే! అందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. ఫ్రాన్స్ దేశంలో, లియోన్ నగరంలో, మా లింబాయత్ గెలిచింది. మా నాన్న నేసిన గుడ్డ చేరాల్సిన చోటికి చేరింది. కాకపోతే ఎలా గెలిచామన్న సంగతి మా గ్రంథాలయం మినిట్స్ పుస్తకంలో రాయొద్దని నేనొక తీర్మానం ప్రతిపాదించాను. దానికి ఒక్క ఓటు పడింది. అది నాదే.

అందుకే నేనే చెప్పేస్తాను. శీనన్న నోట వింటే ఇంకా ఘోరంగా ఉంటుంది. చాయ్ తీసుకోండి, చల్లారిపోతుంది.

నా సంగతి మీకు తెలుసుగా. సూరత్‌లో, లింబాయత్ గల్లీల్లో పుట్టి పెరిగాను. నాన్న నర్సయ్య ముప్పై ఏళ్ల కింద సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ సాంచాలు నడిపాడు. సాంచా అంటే మా భాషలో మరమగ్గం. ఆ మోతకి ఆయనకి చెవులు సగం పోయాయి. నేనేమో ఖటోదరాలో ఒక చీరల కంపెనీలో ఏసీ గదిలో కూర్చుని కంప్యూటర్ మీద డిజైన్లు గీస్తాను. ఆ అపరాధభావం కొద్దీ సాయంత్రాలు విప్లవం చేస్తుంటాను. మా గల్లీలో ఒక కార్ఖానా మేడ మీద ఒకే గది ఉంది, అదే మా శ్రామిక గ్రంథాలయం. కార్యదర్శిని నేను. ప్రధాన వక్తను నేను. గోడ మీద ఎర్ర రంగుతో నిలువెత్తు అక్షరాల్లో 'ప్రశ్నించు!' అని రాసింది కూడా నేనే.

ఆ గోడకి ఎదురుగా ఒక ఫొటో ఉంటుంది. కథంతా దానిదే.

ఆరేళ్ల కింద, కాలేజీలో ఉండగా, డిజైన్ పోటీలో బహుమతి వచ్చి పది రోజులు యూరప్ వెళ్లొచ్చాను. ప్యారిస్, గెంట్, లియోన్. అన్నీ పాత నేత ఊళ్లు. బస్సు దింపుతుంది, ఎక్కించుకుంటుంది. లియోన్‌లో మాకు దొరికింది గంటన్నర. రెండు వందల ఏళ్ల కింద ఆ ఊరి పట్టు నేతగాళ్లు కూలి రేట్ల కోసం తిరగబడి, ఊరినే చేతిలోకి తీసుకున్నారు. ఆ కథ చదివి చదివి నా ఒంట్లో రక్తం మరిగిపోతుండేది. బస్సు దిగి ఒకటే పరుగు. ఎదురుగా పెద్ద చెక్క తలుపు. తలుపు పైన రాతిలో చెక్కిన ఒక చెయ్యి, ఆ చేతిలో నాడె. అదేనండీ, పేక పోగు తీసుకుని అటూ ఇటూ పరిగెత్తే పరికరం. పక్కనే గోడకి ఫ్రెంచిలో ఒక ఫలకం. అందులో నాకు అర్థమైనవి రెండే రెండు: పట్టు అన్న మాట, తిరుగుబాటు జరిగిన సంవత్సరం.

చాలదా? నాకు చాలింది! పిడికిలెత్తి ఫొటో దిగాను.

ఆ ఫొటోని మూడడుగుల ఎత్తున ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, గ్రంథాలయంలో పెట్టాం. "కామ్రేడ్స్, ఇదే నేతగాళ్ల కోట! ఈ గుమ్మంలోంచే వాళ్లు వీధిలోకి దూకారు!" అని ఆరేళ్లలో ఎన్నిసార్లు ఉపన్యసించానో. ప్రతి మే డేకి దానికి పూలదండ. సభ్యత్వ కార్డు మీద ఆ తలుపే. బ్యానర్ మీద ఆ తలుపే. టీషర్టుల మీద కూడా ఆ తలుపే.

నాన్న మాత్రం ఆ ఫొటో ముందు నిలబడ్డప్పుడల్లా తలుపుని చూసేవాడు కాదు. పైనున్న కిటికీ వైపు చూసేవాడు. చాలాసేపు చూసి, తల అటూ ఇటూ ఊపి, వెళ్లి చాప మీద కూర్చునేవాడు. పాపం, మాటలు రానంతగా కదిలిపోతున్నాడని అనుకునేదాన్ని.

ఇప్పుడు ఈ ప్రయాణం సంగతి. శీనన్న తెలుసుగా? మా పక్క గల్లీ, సిరిసిల్లలో పని నేర్చుకుని వచ్చిన జకార్డ్ ఫిట్టర్. డిజైన్‌ని బట్టి ఒక్కో పోగునీ పైకి లేపే యంత్రం మగ్గం నెత్తిమీద కూర్చుంటుంది చూడండి, దాని డాక్టరు. ఆయన కంపెనీ కొత్త యంత్రం కొంటూ, దాని పని నేర్చుకోడానికి ఆయన్ని లియోన్ దగ్గర ఒక ఊరికి రెండు వారాలు పంపింది. వార్త విన్న క్షణంలోనే నేను సెలవు చీటీ రాసేశాను. నా స్నేహితురాలు రాజీ కూడా బయల్దేరింది. వాళ్ల నాన్నది రైల్వే, విశాఖ నుంచి బదిలీ అయి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. రాజీకి కతర్‌గామ్‌లో ఒక వజ్రాల ఆఫీసులో ఉద్యోగం. రోజంతా కంటికి భూతద్దం పెట్టుకుని, రాయిలో ఉన్న లోపం పట్టుకోవడమే దాని పని. ఇది గుర్తుంచుకోండి.

బయల్దేరే ముందు రోజు నాన్న ఒక గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టాడు. గజం ముక్క. ఆకుపచ్చ మీద బంగారు రంగు మామిడి పిందెలు. డిజైన్ నేను గీసిందే. వాళ్ల కార్ఖానాలో పాత సాంచాలు పీకేసి తుక్కుకి పంపిన రోజు, వాటి మీద ఆఖరున నాన్న నేసిన గజం అది.

"దీన్ని ఆడ పెట్టి రా బిడ్డా," అన్నాడు గట్టిగా. చెవులు వినపడనివాళ్లు అందరికీ వినపడేలా మాట్లాడతారు. "ఆ ఊర్ల మన సోంటోళ్లు మగ్గం నేసిన కాడ. ముప్పై ఏండ్లు నేసిన, ఒక్క చీర మీద గూడ నా పేరు లేదు. ఈ గజం పోయి మనోళ్ల దగ్గరుంటే మంచిగనిపిస్తది."

"పెడతా నాన్నా! ఆ తలుపుకే కడతా! అందరూ చూస్తుండగా!"

నాన్న ఏదో అనబోయాడు. నేను అప్పటికే వాట్సాప్ గ్రూపులో ప్రకటన టైపు చేస్తున్నాను: ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు లియోన్ నుంచి ప్రత్యక్ష ప్రసారం, అందరూ గ్రంథాలయానికి రావాలి, బూందీ పంచబడును.

ముందు నేనూ రాజీ ప్యారిస్‌లో దిగాం. "ఫోన్‌లో మ్యాప్ తియ్యకు!" అన్నాను దాంతో. "ఊరిని కాళ్లతో చదవాలి. దారి చూపించేవాడే ఆలోచన కూడా తయారుచేసి పెడతాడు. మనం పర్యాటకులం కాదు, వారసులం!"

"వారసులకి వాష్‌రూమ్ ఎక్కడుందో తెలుసా?" అంది రాజీ.

తెలీదు. ఆరేళ్ల కింద నేను గంటసేపు నిలబడి చదివిన పాత పుస్తకాల దుకాణం చూపిస్తానని రెండు గంటలు నడిపించాను. అదే వంతెన మూడుసార్లు దాటాం. చివరికి దొరికింది. అక్కడిప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. "చూశావా, జ్ఞానాన్ని ప్లాస్టిక్ మింగేసింది!" అని నేను నడివీధిలో ఆవేశపడుతుంటే, రాజీ లోపలికెళ్లి రెండు కవర్లు కొనుక్కుంది. ఒకటి నాకట.

గెంట్‌లో వాన. అక్కడ నేను తక్కువ మాట్లాడాను, అందుకే అక్కడ అన్నీ సవ్యంగా జరిగాయి.

శనివారం రాత్రికి లియోన్ చేరాం. ఆదివారం పొద్దున స్టేషన్ దగ్గర శీనన్న కలిశాడు. రెండు వారాలుగా బ్రెడ్డు తిని చిక్కిపోయాడు. రాజీ సంచిలోంచి థేప్లాలు, అదే మన గుజరాతీ మెంతి రొట్టెలు, కారప్పొడి తీసిస్తే బెంచీ మీద కూర్చుని మాట్లాడకుండా నాలుగు తిన్నాడు. ఐదోది చేతిలో పెట్టుకుని, దూరంగా ఇళ్ల మీద ఇళ్లు పేర్చినట్టున్న గుట్ట చూపించాడు.

"చెల్లె, ఫస్ట్ ఆ గుట్ట మీదికి పోదామా? నేతగాళ్లందరు గాడనే ఉండెటోళ్లంట. మా కంపెనీ సారు చెప్పిండు."

"తర్వాత అన్నా. ముందు మన తలుపు. రెండింటికి లైవ్ ఉంది, ఇక్కడ పదిన్నరకల్లా అక్కడుండాలి."

"గుట్ట మీద లైవ్ వెట్టుకుందాం?"

"అన్నా! నేను ఇంతకుముందు వచ్చినదాన్ని. ఈ ఊరు నాకు తెలుసు."

శీనన్న థేప్లా వైపు చూశాడు. "సరే తియ్" అన్నాడు.

ఈసారి దారి తప్పలేదు! ఇరవై నిమిషాల్లో తలుపు ముందు నిలబెట్టాను. అదే చెక్క, అదే రాతి చెయ్యి, అదే నాడె. ఆరేళ్లు! దండలు వేసిన తలుపు, కార్డుల మీద అచ్చేసిన తలుపు! రాజీ ఫోన్ పట్టుకుంది. అవతల లింబాయత్‌లో ముప్పై తలకాయలు ఒకే తెరలో ఇరుక్కుని కనిపించాయి. ముందు వరసలో నాన్న, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. వెనక గోడ మీద 'ప్రశ్నించు!'

మొదలుపెట్టాను. ఏమన్నానో మొత్తం గుర్తులేదు కానీ, "నేసేవాడిదే మగ్గం, మగ్గానిదే చరిత్ర!" అన్నది మాత్రం బాగా వచ్చింది. వీధిలో కుక్కని తిప్పుతున్న ఒకాయన ఆగి చూశాడు. కుక్క కూడా ఆగింది. పన్నెండు నిమిషాలు మాట్లాడి, నాన్న గుడ్డ తీసి, తలుపుకున్న ఇత్తడి కడియానికి కట్టాను. ఆవేశంలో ఒక ముడి సరిపోలేదు. ఒకటి నాన్న కోసం, ఒకటి లింబాయత్ కోసం, ఒకటి సూరత్ కార్మికులందరి కోసం... అలా ఏడు ముళ్లు పడ్డాయి.

"ఇంక్విలాబ్!" అన్నాను పిడికిలెత్తి.

"జిందాబాద్!" అన్నాయి ఫోన్‌లోంచి ముప్పై గొంతులు. పావురాలు లేచిపోయాయి.

సరిగ్గా అప్పుడే రాజీ, ఒక చేత్తో నా మీద కెమెరా పెట్టి, రెండో చేత్తో తన ఇంకో ఫోన్ తీసి ఆ ఫలకం మీద పెట్టింది. చెప్పానుగా, లోపం వెతకడం దాని వృత్తి. ఈ ఫోన్‌లో అనువాదం చేసే యాప్ ఉంది. దాని మొహం నెమ్మదిగా మారింది.

"స్వరూపా," అంది పెదాలు కదపకుండా. "ఇలా రావే."

"ఆగు, ఇంకో నినాదం..."

"నీ నినాదం తగలెయ్య, ఇది చదువు."

చదివాను. ఆ ఇంట్లో ఉన్నది నేతగాళ్లు కాదు. ఊళ్లోకెల్లా పెద్ద పట్టు వ్యాపారి. మనకి అర్థమయ్యే భాషలో, సేఠ్! తిరుగుబాటు రోజున నేతగాళ్లు గుట్ట దిగి వస్తున్నారని విని, ఈయనగారు వెనక గోడ దూకి పారిపోయి, గొడవ సద్దుమణిగాక తిరిగొచ్చి ఇల్లు బాగుచేయించుకున్నాడట. ఆ రాతి చెయ్యి ఆయన దుకాణం గుర్తు.

ఒక్కసారి ఊహించుకోండి. ఆరు మే డేలు. ఆరు పూలదండలు. టీషర్టులు! కూలి పెంచనన్న సేఠ్ గుమ్మాన్ని గుండెల మీద అచ్చేసుకుని మేము ఊరేగింపులు తీశాం! ఇప్పుడు మా నాన్న ముప్పై ఏళ్ల కష్టం, ఆ సేఠ్ తలుపుకి, నా చేతులతో, ఏడు ముళ్లతో!

ఫోన్‌లోంచి నాన్న గొంతు: "ఏమైంది బిడ్డా? ఏం రాసున్నది ఆ పలకల?"

నిజం చెప్పడానికి భయపడేవాడు బానిస అని నేను ఎన్ని సభల్లో చెప్పానో నాకే తెలీదు. ఆ నేను ఏం చేశానో తెలుసా? రాజీ చేతిలోంచి ఫోన్ లాక్కుని, అటూ ఇటూ ఊపి, "నాన్నా... నెట్‌వర్... కట్ అవు..." అని నత్తిగా అని, ఎర్ర బటన్ నొక్కేశాను.

రాజీ నన్ను చూసింది. శీనన్న ఆకాశం వైపు చూశాడు.

"ముందు ఆ గుడ్డ ఊడదీయండి!" అన్నాను. ఊడదీయడం అంటే మాటలా? నేను డిజైన్లు గీసేదాన్నే కానీ, ముడెయ్యడం నాకు రాదు. అవి ముళ్లు కావు, శాపాలు. లాగేకొద్దీ బిగుసుకుపోతున్నాయి. నేను కడియం పట్టుకుని లాగుతున్నా, రాజీ గోళ్లతో పీకుతోంది, కడియం తలుపుకి టకటకా కొట్టుకుంటోంది. "కత్తెర ఉందా?" అని రాజీ అంటే, "మా నాన్న గుడ్డకి కత్తెరా!" అని నేను ఏడుపు.

అప్పుడు వచ్చింది ఒక ముసలావిడ. డెబ్బై దాటి ఉంటాయి, సన్నగా, చేతి సంచిలో కూరగాయలు, సంచి పైకి తొంగిచూస్తున్న ఉల్లికాడలు. ముగ్గురు పరాయి మనుషులు తన తలుపు పీకుతుంటే ఎవరైనా పోలీసుల్ని పిలుస్తారు. ఆవిడ పిలవలేదు. సంచి కింద పెట్టింది. కళ్లద్దాలు పెట్టుకుంది. వేలాడుతున్న గుడ్డ అంచు పట్టుకుని, తిరగేసి, వెనక వైపు చూసింది.

శీనన్న నా భుజం తట్టాడు. "చెల్లె, చూసినవా? గుడ్డను వెనక దిక్కు చూస్తున్నది. ఈమె నేసిన మనిషే."

రాజీ ఫోన్‌ని మధ్యలో పెట్టి మాట్లాడించింది. ఆవిడ పేరు ఒడెట్. నలభై ఏళ్లు నేసిందట. ఇప్పుడు గుట్ట మీద ఒక పాత మగ్గాల గదిలో, ఆదివారాలు వచ్చినవాళ్లకి నేసి చూపిస్తుందట. ఈ ఇంట్లోనే పై అంతస్తులో ఉంటుందట.

నాలో విప్లవం మళ్లీ లేచింది. "విన్నారా! సేఠ్ ఇంట్లో ఇప్పుడు నేతగత్తె ఉంటోంది! ఇదీ చరిత్ర తీర్పు!"

"అద్దెకి ఉంటోందే," అంది రాజీ, ఫోన్ చూస్తూ. "అద్దె చాలా ఎక్కువని కూడా అంటోంది."

మదాం ఒడెట్ నా ఏడు ముళ్లనీ ఒకసారి చూసింది. తన జడలోంచి ఒక పిన్ను తీసి, ఒక్కో ముడిలో దూర్చి, వేలితో చిన్నగా తిప్పి, రెండు నిమిషాల్లో ఊడదీసింది. గుడ్డ మడిచి నా చేతికి ఇవ్వలేదు. శీనన్న చేతికి ఇచ్చింది! ఎవరి చేతులు ఎలాంటివో తెలియడానికి ఆవిడకి ఫోన్ అనువాదం అక్కర్లేదు. తర్వాత గుట్ట వైపు వేలు చూపించి, రమ్మంది.

"గుట్ట మీదికా?" అన్నాడు శీనన్న నా వైపు చూడకుండా. "నీకేమన్న అభ్యంతరమా చెల్లె?"

ఇక్కడ ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఆరేళ్ల కింద కూడా ఎవరో నాకు ఆ గుట్ట చూపించారు. ఆ మెట్లు చూసి, బస్సుకి ఆలస్యమవుతుందని కిందే ఆగిపోయాను. నేతగాళ్లు ఉన్నది గుట్ట మీద. సేఠ్‌లు ఉన్నది గుట్ట కింద. విప్లవం ఆ మెట్లు దిగి వచ్చింది, నేను ఆ మెట్లు ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కుతూ నూట ఇరవై మెట్ల వరకూ లెక్కపెట్టాను, తర్వాత ఊపిరి లెక్కలకి సరిపోలేదు. మదాం ఒడెట్ ఉల్లికాడలు ఊపుకుంటూ ముందు వెళ్తోంది.

పైన ఒక ఇంట్లోకి తీసుకెళ్లింది. లోపల అడుగుపెట్టగానే నేను తల ఎత్తాను, ఎత్తాను, ఇంకా ఎత్తాను. కప్పు ఎక్కడో ఉంది! ఒక మనిషి మీద ఇంకో మనిషి నిలబడ్డా అందదు. కిటికీలు కూడా అంతే, గోడంత పొడవు. ఆ ఎత్తంతా నింపుతూ చెక్క మగ్గం, దాని నెత్తి మీద జకార్డ్, పక్కనుంచి వేలాడుతున్న చిల్లుల అట్టల దండ. ఏ పోగు ఎప్పుడు లేవాలో జకార్డ్‌కి చెప్పేవి ఆ చిల్లులే.

"గిదీ ఇల్లంటే," అన్నాడు శీనన్న. గుమ్మం దగ్గరే బూట్లు విప్పేశాడు. మగ్గం చెక్కకి చెయ్యి తాకించి కళ్లకద్దుకున్నాడు. లింబాయత్‌లో షిఫ్టు ఎక్కే ముందు అందరూ చేసేదే. మదాం ఒడెట్ అది చూసి, ఏం అడగకుండా, తన స్టూలు కొంచెం పక్కకి జరిపి ఆయనకి చోటిచ్చింది.

నేయడం మొదలుపెట్టింది. టక్, టక్, టక్. నేను రాజీకి శ్రమ సౌందర్యం గురించి చెబుతున్నాను. శీనన్న కళ్లు మూసుకుని వింటున్నాడు. ఉన్నట్టుండి చెయ్యెత్తాడు.

"ఆగమను. ఒక అట్ట సక్కగ కూసుంటలేదు. ఇను, ప్రతి రౌండ్‌ల ఒక్క దెబ్బ బరువు పడుతున్నది."

నాకేం వినపడలేదు. రాజీకీ వినపడలేదు. మదాం ఒడెట్ మాత్రం స్టూలు మీద నుంచి దాదాపు ఎగిరింది! కొన్ని నెలలుగా పువ్వు రేకులో ఒక గీత అప్పుడప్పుడు తప్పిపోతోందట. ఎక్కడో తెలీక తల పట్టుకుంటోందట. శీనన్న అట్టల దండ నెమ్మదిగా జరుపుతూ, ఒకచోట ఆపాడు. అట్టల్ని కలిపి కుట్టిన తాడు పాతబడి సాగింది. ఆ ఒక్క అట్టా కొంచెం వాలి కూర్చుంటోంది. ఆవిడ కొత్త తాడు తెచ్చింది. ఆయన కుట్టాడు. ఆయనకి ఫ్రెంచి రాదు, ఆవిడకి తెలుగూ హిందీ రెండూ రావు. రాజీ ఫోన్ పట్టుకుని వెళ్తే ఇద్దరూ ఒకేసారి చేత్తో పక్కకి తోశారు. "నేను వివరిస్తాను" అని నేను వెళ్తే, నన్నూ తోశారు.

ఈ హడావుడిలో ఒక పడుగు పోగు తెగింది. ఇద్దరి చేతులూ ఒకేసారి దాని మీదికి వెళ్లాయి. ఆవిడ ఒక కొస పట్టుకుంటే ఆయన ముడేశాడు. రెప్పపాటు పని. ఆవిడ ఆ ముడిని కిటికీ వెలుగులో చూసింది. తర్వాత ఇంకో దారం తీసి, తన ముడి వేసి చూపించింది.

రెండూ ఒకటే. అదే మెలిక, అదే చిన్న ముడి. సిరిసిల్లలో నేర్చుకున్నదీ లియోన్‌లో నేర్చుకున్నదీ.

ఆరేళ్లుగా నేను ఉపన్యాసాల్లో చెప్పాలని చూసింది, వాళ్లు రెండు అంగుళాల దారంతో చెప్పేశారు. నేను నోరు మూసుకున్నాను. రాజీ అది నమ్మలేక నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

మళ్లీ నేస్తే పువ్వు రేకు పూర్తిగా వచ్చింది! మదాం ఒడెట్ శీనన్న రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టింది. ఆయన ఎరుపెక్కి, "మా ఇంటామెకు ఇది చెప్పకుండ్రి" అన్నాడు. తర్వాత ఆవిడ నాన్న గుడ్డ అడిగి తీసుకుంది. మగ్గం ముందు దూలానికి, మనుషుల కంటి ఎత్తులో, దాన్ని పరిచి బిగించింది. ఒక అట్టముక్క, పెన్నూ నా ముందు పెట్టి, నేసిందెవరని అడిగింది.

రాశాను. తెలుగులో, ఇంగ్లీషులో. నర్సయ్య, లింబాయత్, సూరత్. నాన్న పేరు ఒక గుడ్డ కింద ఉండటం అదే మొదటిసారి.

ఇక మిగిలింది ఆ ఫోన్. అబద్ధం చెప్పి కట్ చేసినది.

"చెయ్యి," అంది రాజీ.

చేశాను. ముప్పై మందీ అక్కడే ఉన్నారు, నెట్‌వర్క్ వస్తుందేమోనని బూందీ తింటూ కూర్చున్నారు. నేను గట్టిగా ఊపిరి తీసుకున్నాను. "మిత్రులారా... నెట్‌వర్క్ పోలేదు. నేనే కట్ చేశాను. ఆరేళ్లుగా మనం దండలేసిన ఆ తలుపు నేతగాళ్లది కాదు. ఒక సేఠ్‌ది. నేను ఫలకం చదవకుండానే మీ అందరికీ అబద్ధం చెప్పాను. నేను కార్యదర్శి పదవికి..."

"తెల్సు బిడ్డా," అన్నాడు నాన్న.

"...రాజీనామా... ఏంటి?"

"ఆ ఇల్లు సేఠ్‌దని తెల్సు. ఆ ఫొటోల తలుపు మీద కిటికీ ఉన్నది గదా. దాంట్ల కెళ్లి కప్పు గనవడుతది. గంత తక్కువ కప్పు కింద జకార్డ్ ఎట్ల పడ్తది? మగ్గం పట్టని ఇంట్ల నేతగాడెట్లుంటడు?"

నాన్న పక్కనున్న కనకయ్య కాక ముందుకు వంగాడు. "మాకందరికి తెల్సు బిడ్డా. మొదటి రోజే అనుకున్నం."

"అందరికీనా?"

ముప్పై తలలూ ఊగాయి.

శీనన్న వైపు తిరిగాను. ఆయన మగ్గానికి నూనె వేస్తున్నాడు, తల ఎత్తలేదు. "బయలెల్లే ముందు మీ బాపు చెప్పిండు, పోరిని ఎట్లనన్న గుట్ట ఎక్కియ్యమని. నేను పొద్దుగాల రెండుసార్లు అడిగితి గదా."

"మరి ఆరేళ్లూ ఎందుకు చెప్పలేదు?" దాదాపు అరిచాను. "ఆ గోడ మీద ఏం రాసుంది? ప్రశ్నించు అని కదా!"

"ప్రశ్నిద్దామనే ప్రతిసారి చెయ్యి లేపుతుంటి బిడ్డా," అన్నాడు నాన్న. "నువ్వేమో పిడికిలనుకొని జిందాబాద్ అంటుంటివి."

అటు ముప్పై మంది, ఇటు రాజీ, శీనన్న ఒకటే నవ్వు. ఏమీ అర్థంకాని మదాం ఒడెట్ అందరికంటే గట్టిగా నవ్వింది. నేను ఏం చేయాలో తెలీక ఫోన్ తిప్పి మగ్గం చూపించాను. ఎత్తైన కప్పు, పొడుగాటి కిటికీ, దూలం మీద ఆకుపచ్చ గుడ్డ, కింద అట్టముక్క మీద పేరు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నాన్న చెవి దగ్గరి చెయ్యి తీసి, తెర దగ్గరికి వచ్చి, మూసిన గదిలో మాట్లాడుతున్నట్టు మెల్లగా అన్నాడు:

"కప్పు మంచిగున్నది."

ఆ తర్వాత లేచిన జిందాబాద్‌ని నేను మొదలుపెట్టలేదు. అందుకేనేమో, అది లింబాయత్ నుంచి ఫోన్ స్పీకరు పగిలేలా వినిపించింది.

తిరిగొచ్చాక సర్వసభ్య సమావేశం పెట్టాం. నా రాజీనామా ఆమోదించలేదు. నా ఉపన్యాసాలకి ఐదు నిమిషాల హద్దు మాత్రం ఏకగ్రీవంగా ఆమోదించారు. టైము చూసే బాధ్యత రాజీది. మగ్గం ఫొటో పెద్దది చేయించి గోడకి పెట్టాం, దండ ఇక దానికే. టీషర్టులు నూనె తుడవడానికి శీనన్న తీసుకెళ్లాడు. పాత ఫొటో తీసేద్దామని నేనే అన్నాను. నాన్న వద్దన్నాడు, సేఠ్ ఇల్లు ఎట్లుంటదో గూడ పిల్లలకు తెల్వాలె అన్నాడు.

కాబట్టి అది అక్కడే ఉంది, 'ప్రశ్నించు!' కి ఎదురుగా. రేపు వస్తే చూడండి. కింద శీనన్న స్వహస్తాలతో కొత్త అక్షరాలు రాశాడు: "వెనక ఉన్నది సేఠ్ ఇల్లు. ముందు పిడికిలెత్తి సలాం కొడుతున్నది మా కార్యదర్శి."